ఖాళీ టేపు బేరం

ఇప్పటి పిల్లలు దాన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటున్నరు. ఎనభైల మొదట్లో మా గౌలిపురలో దానికి అంత పెద్ద పేరు లేదు, లొల్లి అనేటోళ్లు. ఆ లొల్లి చేసేటోళ్లు ముగ్గురు. వాళ్ల మొట్టమొదటి ఆల్బంను స్టూడియోలో రికార్డు చేయించిన ఘనత నాది. నాకు సరిగమలు రావు. ఇప్పటికీ రావు. అయినా వాళ్లకు మేనేజర్‌ను నేనే, ఎందుకంటే మా నాన్నది గిన్నెల దుకాణం.

ఈ రెండింటికి సంబంధమేందని అడగొచ్చు. గిన్నెల దుకాణంలో పెరిగినోనికి చెవులు వాటంతట అవే తయారైతయి. ఇత్తడి బిందె కొనేటామె దాన్ని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకొని, కుడి చేతి వేలి కణుపుతో ఠంగుమని కొడ్తది. ఆ మోత ఎంతసేపు నిలిస్తే సరుకు అంత మంచిదని లెక్క. నడుమ గరగరమంటే ఎక్కడో పగులు ఉన్నట్టు. ఏ బిందె ఏ పక్క కొడితే బాగ మోగుతదో నాకు ఎరుక. ఆ పక్కనే గిరాకీ దిక్కు తిప్పి పెట్టేటోన్ని. సంగీతంలో నా చదువు ఇంతవరకే. ఇంత చదువుతోనే ఆల్బం ఎట్లుండాలెనో చెప్పేటంత దూరం పోయిన.

ముగ్గురిలో పాడేటోడు మా గల్లీ చివర పాలోళ్ల ఇంటోడు, నా చిన్ననాటి దోస్తు. పాటలు వాడే రాసేది, వాడే కట్టేది. తెలుగులో మొదలైన పాట నడుమల ఉర్దూలోకి దుంకేది, ఆఖరుకు ఇంగ్లీషులో ఎక్కడో తప్పిపోయేది. మేము బజార్లో మాట్లాడేది గూడ అట్లనే గనుక మాకు వింత అనిపించలే. వాని పాటల్లో వెన్నెల లేదు, పడవ లేదు. నల్లా రాని పొద్దు ఉండేది, సిటీ బస్సులో ఒక్క కాలి మీద నిలబడుడు ఉండేది, చొక్కాకు పట్టిన బర్ల కొట్టం వాసన ఉండేది. "గివి ఎవడు కొంటడ్ర" అని నేను మొదటి రోజే అడిగిన. "కొనేటోళ్ల కోసం రాస్తలేను" అన్నడు. దుకాణదారుల ఇంట్లో పుట్టినోనికి ఇంతకన్న పెద్ద బూతు ఉండదు.

గిటారు వాయించేటోడు మాదన్నపేటలో క్రైస్తవుల ఇంటి పిల్లగాడు, చర్చిలో నేర్చుకున్నడు. ఎంత చెవులు పగిలేటట్టు వాయించినా ముఖం మాత్రం ప్రార్థన చేస్తున్నట్టే ఉండేది. డ్రమ్ములు కొట్టేటోడు మొఘల్‌పురాలో ఉండేటోడు. పెండ్లి బరాతుల ముందు మర్ఫా కొట్టి కొట్టి వచ్చినోడు గనుక వానికి మెల్లగ కొట్టుడు అనేది తెల్వదు. మెల్లగ కొడితే పెండ్లికొడుకు గుర్రం గూడ కదలదని వాని సిద్ధాంతం.

నా మేనేజర్‌గిరీ గిటారు కొనుడుతోటి మొదలైంది. జుమ్మేరాత్ బజార్లో పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కనబడింది. నేను చెప్పిన మొదటి ధరకే అమ్మేటాయన తల ఊపిండు. మా ధందాలో మొదటి మాటకే ఒప్పుకున్నడంటే మనం మునిగినట్టు. కాని నా పరువు అడ్డమొచ్చి, పెద్ద పరీక్షకుని లెక్క గిటారును ఎత్తి పట్టుకొని వేలితో కొట్టి చూసిన. మంచిగ మోగింది. గిటారును అట్ల చూడరని అక్కడున్నోళ్లు ఎవ్వరు నాకు చెప్పలే. ఇంటికి తెచ్చి కరెంటుకు తగిలిస్తే అందులో నుంచి రేడియో వార్తలు వినబడ్డయి. గిటారు, రేడియో రెండూ ఒకే ధరకు వచ్చినయని నేను వాళ్లకు సముదాయించిన. వాళ్లు అప్పుడు నన్ను తీసేయాల్సింది.

తియ్యలే. ఎందుకంటే వాళ్లకు అంతకంటె పెద్ద ఫికర్ ఒకటి వచ్చి పడ్డది. పాటగాని మేనమామ పబ్లిక్ సెక్టార్ ఫ్యాక్టరీలో ఉండేటోడు. ఎవరెవరినో పట్టుకొని మేనల్లునికి అదే ఫ్యాక్టరీలో శిక్షణకు సీటు ఇప్పించిండు. శిక్షణ అయిపోతే నౌకరి ఖాయం. అయితే అది ఊరి అవతల. అక్కడి హాస్టల్లోనే ఉండాలె, షిఫ్టులు చెయ్యాలె. వాడు పోతే పాటలు పోయినట్టే. గిటారును నేను రేడియోగ అమ్ముకోవచ్చు.

వాళ్ల నాన్న పాల మనిషి. మాటలో గూడ కొలత తప్పడు. నేను ఆయనను కాకా అనేటోన్ని. సీటు వచ్చిందని తెలిసిన దినం పాటగాడు తిండి మానిండు, అలిగిండు, చివరికి నన్ను వెంటబెట్టుకొని పోయి తండ్రి ముందు నిలబడ్డడు. ఒక్క ఆల్బం చేసుకోనియ్యి అని అడిగిండు. ఆల్బం అంటే ఏందో నేనే వివరించాల్సి వచ్చింది. క్యాసెట్టు కాకా, రెండు దిక్కుల పాటలుంటయి అన్న. కాకా బర్రె పొదుగు కడుగుకుంటనే అంతా విన్నడు.

"సరే చేస్కో" అన్నడు. "చేసినంక నాకు ఇనిపియ్యి. ఆఖరు దాకా ఇంట. ఇన్నంక గూడ పోవాలె అన్ననంటే నోరు మూస్కొని పోవాలె. ఉండు అన్ననంటే మీ మామతోని నేను మాట్లాడుకుంట."

కొడుకు ఏమనేలోపే నేను ఒప్పుకున్న. నాకు బేరం కనబడితే నోరు ఆగదు. ఆ బేరంలో పోయేది నా బతుకు కాదు, దోస్తు బతుకు అన్న సంగతి ఇంటికి పోయినంక గుర్తొచ్చింది.

స్టూడియో అంటే పెద్దగ ఊహించుకోవద్దు. చార్మినార్ అవతల ఒక మేడ మీద రెండు గదులు. ఒక గదిలో మైకులు, గోడల నిండ పాత దుప్పట్లు, గోనె సంచులు. అద్దం అవతల చిన్న గదిలో పెద్ద స్పూలు టేపు మిషను. బట్టల దుకాణాల ప్రకటనలు, భజనలు, పెండ్లి పాటలు రికార్డయ్యేవి అక్కడ. యజమాని నడి వయసు మనిషి, అందరు ఉస్తాద్ అనేటోళ్లు. ఆయన ముందు నేను నాకు తెలిసిన విద్యలన్ని చూపించిన. ముందుగాల అక్కర లేని వస్తువు ధర అడిగిన. తర్వాత ఇంకో స్టూడియోవాడు రమ్మని బతిమాలుతున్నడని అబద్ధమాడిన. ఆఖరుకు మా ఇంటి బ్రహ్మాస్త్రం తీసిన: లేచి బయటికి నడిచిన. ఈ పద్ధతిలో మెట్లు మెల్లగ దిగాలె. సగం మెట్లు దిగేలోపు వెనక నుంచి పిలుపు రావాలె.

పిలుపు రాలే. మెట్లు అయిపోయినయి. వీధిలోకి వచ్చిన. హోటల్లో కూసోని చాయ్ తాగిన. మళ్ల పైకి పోయి గొడుగు మర్చిపోయిన అన్న.

"మియా, ఎండకాలంల గొడుగెందుకు?" అన్నడు ఉస్తాద్. "నువ్వు తేనే లేదు. కూసో."

కూసున్న. ఆయన చెప్పిన రేటుకే ఒప్పుకున్న. కాని అక్కడ నుంచి ఉత్త చేతులతో లేస్తే మా నాన్నకు ముఖం చూపించలేను. అందుకని కొసరు అడిగిన. కొసరు అంటే మా దిక్కు హక్కు. పాలోడు లీటరు కొలిచి పోసినంక ఇంకింత వొంపాలె. కూరగాయలామె కొత్తిమీర ఇంకో రెమ్మ పడెయ్యాలె. మా దుకాణంలో గిన్నె కొన్నోళ్లకు దాని మీద పేరు చెక్కి ఇస్తం. కొసరు లేకుంట సరుకు ఇంటికి తెచ్చినోన్ని ఇంట్లోళ్లు అమాయకుని లెక్క చూస్తరు. ఉస్తాద్ ఆలోచించిండు. పాటలు అయిపోయినంక టేపు ఎంత మిగిలితే అంతా ఊరికే నింపి ఇస్త, ఖాళీ ఉంచను అన్నడు. నేను గెలిచిన అనుకున్న. ఏంతోని నింపుతడో అడగలే. ఊరికే వచ్చేదాన్ని మా ఇండ్లల్ల విప్పి చూడరు.

రికార్డింగు పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం భజన పార్టీ వచ్చేలోపు ముగియ్యాలె. మర్ఫా పిల్లగాన్ని లోపల కూసోబెడితే మైకులో వాడు తప్ప ఇంకెవ్వరు వినబడలే. వాన్ని డ్రమ్ములతో సహా మెట్ల మీద కూసోబెట్టి, మీద రజాయి కప్పిండ్రు. రజాయి కింద చెమటలు కక్కుకుంట వాడు కొట్టిన కొట్టుడుకు కింది అత్తరు దుకాణం సేటు రెండుసార్లు పైకి వచ్చిండు. ఫ్యాను బందు చేసిండ్రు, సప్పుడైతదని. ఒక పాట సగంలో పక్కింటి కుక్కర్ కూసింది. ఇంకో పాటలో మా గిటారు తన పాత అలవాటు కొద్ది వార్తలు చదివింది. పాటగాడు మాత్రం ఒక్కసారి గూడ విసుక్కోలే. వాడు అంత ఓపికగ ఉండుడు నేనెప్పుడు చూడలే. గొంతు బొంగురు పోయింది, ఆ బొంగురుతోనే పాడిండు.

ఆఖరి పాట పాలు పోసేటోని పాట. తెల్లారక ముందు ఊరంతా పండుకొని ఉంటది, ఒక్కడు క్యాన్లు కట్టుకొని గల్లీలు తిరుగుతుంటడు. ఏ తలుపు కొట్టినా నిద్ర ముఖమే కనబడ్తది. ఆ పాటలో డ్రమ్ములు లేవు. గిటారు ఒక్కొక్క తీగ తగ్గించుకుంట పోయి ఆగిపోతది, వాని ఊపిరి ఒక్కటే మిగుల్తది, తర్వాత అది గూడ ఉండదు. అది అయిపోయినప్పుడు నాకు లోపల ఏదో అయింది. ఆకలి అనుకున్న.

నా ఆకలి తీరకముందే ఉస్తాద్ అద్దం అవతల నుంచి చెయ్యి ఊపిండు. క్యాసెట్టు రెండో దిక్కు ఇంకా సగం మిగిలిందట. తన మాట ప్రకారం కొసరు ఇస్త అన్నడు. అన్నంక మిషను నడవనిచ్చి, అలమార తెరిచి, బట్టలో చుట్టిన బుల్‌బుల్ తరంగ్ తీసుకొని లోపలికి వచ్చి చాప మీద కూసున్నడు. మీటలు నొక్కి వాయించే ఆ తీగల పెట్టెను ఆయన తుడిచే తీరు చూస్తేనే సమజైంది: ఈయన చాలా ఏండ్ల నుంచి ఎవరన్న ఖాళీ టేపు తెస్తరేమో అని చూస్తున్నడు.

పాటగాడు అడ్డం పోయి నిలబడ్డడు. "ఇంగ ఏం వద్దు. ఆ పాట తర్వాత సప్పుడు ఉండొద్దు. ఇన్నోడు కొంచెంసేపు ఊకె కూసోవాలె" అన్నడు.

"గిరాకీ ఊకె కూసోడు" అన్న నేను. "క్యాసెట్టు పట్టుకొని నా దుకాణానికి వస్తడు, సగం ఖాళీ ఉన్నదని."

"ఖాళీ గాదుర. అది గూడ పాటనే."

"మీ బాపు సగం చెంబు పాలు పోసి, మిగిలింది గూడ పాలే అంటే ఊకుంటరా?"

వాడు నాతోని లాభం లేదని ఉస్తాద్ దిక్కు తిరిగిండు. ఉస్తాద్ అప్పటికే తీగ సవరించుకుంటున్నడు. మాట అంటే మాట, రేపు ఈ గిన్నెల సేటు వచ్చి నా కొసరు బాకీ ఉన్నవంటడు అన్నడు. నేను అంటనని నేను గూడ ఒప్పుకున్న. బేరమైన కొసరును వాపసు ఇచ్చుడు మా ఇంటావంటా లేదు. ఇట్ల మేమిద్దరం ఒక దిక్కైనం, వాడొక్కడు ఒక దిక్కు. అప్పుడు వాడు జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసిండు.

"ఉస్తాద్, నా సైకిల్ కింద ఉన్నది. తీస్కో. నువ్వు వాయించకుంటే చాలు."

ఆ సైకిల్ సంగతి చెప్పాలె. వాడు సెలవులల్ల ఎక్కడెక్కడనో పని చేసి కొనుక్కున్నది. రోజూ కొబ్బరి నూనె గుడ్డతోని తుడిచేటోడు. సొంత అన్నను గూడ ముట్టనియ్యడు. అటువంటి సైకిల్‌ను ఒకడు ఇస్తనంటే దోస్తు అయినోడు ఏం చెయ్యాలె? వద్దురా అనాలె. లేకపోతే సైకిల్ చాలా మంచిదని చెప్పి గట్టిగ నిలబడాలె. నేను మాత్రం ఎదుటోడు ఏ వస్తువు చూపించినా లోపాలు ఎంచే అలవాటుల ఉన్న.

"ఆ సైకిలా?" అన్న. "వెనక చక్రం వంకర. చైను తెగితే అతుకు వేయించిండు. ఘంటీ ఒక్కటి తప్ప అన్నీ మోగుతయి."

ఉస్తాద్ కోపంలో ఉండి గూడ ఆగలేకపోయిండు. "బ్రేకులు?" అని అడిగిండు.

బ్రేకుల మీద మేము కొంతసేపు మాట్లాడుకున్నం. పాటగాడు తాళంచెవి చేతిలో పట్టుకొని అట్లనే నిలబడ్డడు. గిటారు పిల్లగాడు గోడ దిక్కు తిరిగి నిజంగనే ప్రార్థన మొదలుపెట్టిండు. చివరకు ఉస్తాద్‌కు అసలు సంగతి తలకెక్కింది: ఒక పిల్లగాడు తన వాయింపుడు వినకుండ ఉండనీకి సైకిల్ ఇస్తనంటున్నడు. ఆయన ముఖం చిన్నగైంది. బుల్‌బుల్ తరంగ్‌ను మళ్ల బట్టలో చుట్టిండు. నీ సైకిల్ వద్దు, నేను వాయించ, సాయంత్రం వచ్చి క్యాసెట్టు తీస్కపోండ్రి అన్నడు. భజన పార్టీ మెట్లెక్కుతున్నది. పాటగాడు గెలిచినట్టు తాళంచెవి జేబులో వేసుకున్నడు. భజన పార్టీని తోసుకుంట దిగిపోయిండు.

అంత గడబిడలో అద్దం అవతల మిషను తిరుగుతనే ఉన్నదని మా ఎవ్వరికి సోయి లేదు.

తెల్లారితే వాడు ఫ్యాక్టరీలో చేరాలె. కాబట్టి సాయంత్రం క్యాసెట్టు చేతికి రాంగనే విని చూసుకునే టైం లేకుండ సీదా పాలోళ్ల ఇంటికే పోయినం. మా దుకాణంలో ఉన్న టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్ నేను చంకలో పెట్టుకొని పోయిన. పాలు పిండుడు అయిపోయింది. కాకా వాకిట్లో బకెట్ బోర్లేసి దాని మీద కూసున్నడు. పాటగాని అమ్మ గడప మీద కూసున్నది. ఒక మూలకు ఇనుప పెట్టె ఉన్నది, సర్దుకోమన్నట్టు మూత తెరిచి.

మొదటి పాట మొదలైంది. మర్ఫా పిల్లగాడు రజాయి కింది నుంచి గూడ వాకిలి అదరగొట్టిండు. లోపల ఒక బర్రె తాడు తెంపుకునేటంత పని చేసింది. కాకా కదలలే. ఒక్కొక్క పాట అయిపోంగనే "అయిందా?" అని అడిగేటోడు, లేదనంగనే తల ఊపేటోడు. ఇంజెక్షన్ ఇప్పించుకునేటోని ఓపిక అది. నాలుగో పాటో ఏదో వస్తున్నప్పుడు వాళ్ల అమ్మ "పిల్లగాని గొంతు కరాబైంది, మిరియాల పాలు కాస్త" అనుకుంట లోపలికి పోయింది. పాటగాడు నేల దిక్కు చూసుకుంట కూసున్నడు. ఆఖరి పాట వచ్చింది. పాలు పోసేటోని పాట. తండ్రికి అదన్న తగులుతదని వాని ఆశ. నాది గూడ అదే ఆశ.

పాట అయిపోయింది. కాకా మోకాళ్ల మీద చేతులు పెట్టి లేవబోయిండు.

"పాలు పోసుడు గట్ల ఏడ్సుకుంట చేస్తర్ర? మంచిదే, ఒర్రుడు అయింది గద. పెట్టె సర్దుకో" అన్నడు.

గంతే. నేను మిషను బందు చేద్దామని చెయ్యి చాపిన. అప్పుడే అందులో నుంచి వాని గొంతు, దాని వెంబడే నా గొంతు వినబడ్డది: గిరాకీ ఊకె కూసోడు.

పాటగాడు ఒక్క దుంకు దుంకిండు ఆపనీకి. కాకా వాని చెయ్యి పట్టుకున్నడు. "ముట్టకు. ఆఖరు దాకా ఇంటనన్న" అని మళ్ల బకెట్ మీద కూసున్నడు.

ఆ తర్వాత కాకా ముఖం చూడాల్సింది. అన్ని పాటలకు రాని వెలుగు వచ్చింది. సగం చెంబు పాలు అన్నకాడ నా దిక్కు చూసి మీసాల కింద నవ్విండు. ఉస్తాద్ కొసరు మాట దగ్గర "గక్కడ గట్టిగ పట్టాలె" అన్నడు. సైకిల్ చైను అతుకు దగ్గర పొట్ట పట్టుకున్నడు. బ్రేకులు అడిగిన కాడ దగ్గు వచ్చి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నా జన్మలో శెభాష్ అని నా మాటకు అంత దాదు ఎవ్వరు ఇయ్యలే. సిగ్గుతోని చస్తున్నా గూడ, లోపల లోపల నా గొంతు టేపులో బాగనే ఉన్నదనిపించింది.

టేపు అయిపోయింది. కాకా నవ్వు మెల్లగ ఆగింది. సైకిల్ ఇస్తనన్న కాడికి తిప్పి మళ్ల పెట్టమన్నడు. పెట్టిన. ఈసారి నవ్వలే.

"నిజంగనే ఇస్తుంటివా?" అని కొడుకును అడిగిండు.

"ఆఁ."

"ఇస్తే నీకేమొస్తది?"

"ఏం రాదు బాపు. సప్పుడు రాదు."

కాకా నా దిక్కు తిరిగిండు. "సేటు కొడుకా, నువ్వు చెప్పు. ఒకడు ఒకదాని కోసం చేతిల ఉన్నదంత ఇస్తనంటే ఏంది దాని లెక్క?"

"గరజు ఎక్కువున్నట్టు, కాకా."

"గరజున్నోడు గూడ బేరం చేస్తడుర. పెండ్లాం పురిటి నొప్పులు పడుతుంటె గూడ రిక్షావోనితోని బేరం చేసిన నేను. వీడు చెయ్యలే." కొంతసేపు మిషను దిక్కు చూసిండు. "ఆ పాటలల్ల ఏమున్నదో నాకు సమజు కాలే. గని వీడు ఏం ధర పెట్టిండో సమజైంది."

అప్పటికే వాళ్ల అమ్మ మిరియాల పాలు తెచ్చి గడపలో నిలబడి ఉన్నది. కాకా లేచి పోయి ఇనుప పెట్టె మూత వేసిండు. వచ్చే ఏడు బోనాల దాకా పాడుకో అన్నడు. మేనమామకు తాను చెప్పుకుంటడట. అయితే రెండు షరతులు. పొద్దున పాలు కొడుకే ఆ సైకిల్ మీద పోసి రావాలె. రెండోది, ఆఖర్ల ఉన్న ఆ లొల్లి తీసెయ్యొద్దు. అందులో తనకు సమజైంది అదొక్కటే గనుక క్యాసెట్టు కొన్నోళ్లందరు అది వినాలె.

నేను ఊపిరి తీసుకున్న. ఇంత మంచి బేరం మా నాన్న జన్మలో చూడలే. ఒప్పుకోమని మోచేత్తో పొడిచిన. వాడు ఒప్పుకోలే. వాని ముఖం చూస్తే నాకు భయమైంది. ఏ ఖాళీ కోసం వాడు సైకిల్ ఇయ్యబోయిండో అందులో నేను, ఉస్తాద్ బ్రేకుల గురించి మాట్లాడుతున్నం. దాన్ని ఉంచితే నౌకరి తప్పుతది, తీస్తే పెట్టె మూత మళ్ల తెరుచుకుంటది. వద్దు, ఫ్యాక్టరీకే పోత అంటడనుకున్న. అనే మనిషే వాడు.

వాడు తండ్రి దిక్కు తిరిగిండు. "నీ క్యాసెట్టు నీకు ఉంచుకో బాపు. దాంట్ల లొల్లి ఉండనియ్యి. మిగిలిన క్యాసెట్లల్ల ఉండొద్దు."

"అన్నిట్ల ఉండాలె" అన్నడు కాకా.

"సాయంత్రం పాలు గూడ నేనే పోస్త."

కాకా కండ్లు చిన్నగ చేసిండు. ఆ చూపు నాకు తెలుసు. మా నాన్నకు గూడ అదే చూపు ఉన్నది, ఎదుటోడు మాట పెంచినప్పుడు వస్తది. "పండుగలకు గూడనా?"

నేను వాని తరఫున ఆఁ అనబోయిన. వాడు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

"పండుగలకు గాదు. పండుగలకు పాటలుంటయి."

కాకా తొడ మీద చరుచుకున్నడు. "గట్ల రా బిడ్డా" అన్నడు. వాళ్ల అమ్మ చేతిలోని గ్లాసు తీసుకొని కొడుకుకు ఇచ్చిండు. వాడు ఆ మిరియాల పాలు ఒక్క గుక్కలో తాగి, నోరు కాలి, అప్పుడు ఏడ్చిండు. మిరియాలకే అని అందరం ఒప్పుకున్నం.

తెల్లారి నేను స్టూడియోకు పోయి, ఆఖరి పాట తర్వాత ఉన్నదంతా తుడిపించిన. ఉస్తాద్ మీట నొక్కిండు. నా బతుకులో నేను చేసిన ఒకే ఒక్క రికార్డింగు అట్ల పోయింది, కాకా దగ్గర ఉన్న ఆ ఒక్క కాపీ తప్ప. పాలకు వచ్చి కొసరు ఎక్కువడిగినోళ్లకు కాకా దాన్ని వినిపిస్తడని తర్వాత తెలిసింది.

క్యాసెట్లు మా దుకాణంలోనే, గంటెల పక్కకు వేలాడదీసి అమ్మిన. కొన్నోళ్లల్ల చాలా మంది, నేను చెప్పినట్టే, వాపసు పట్టుకొచ్చిండ్రు. రెండో దిక్కు సగం ఖాళీ ఉన్నదన్నరు. "ఖాళీ కాదు, అది గూడ పాటనే" అని నేను వాళ్లకు చెప్పేటోన్ని, ముఖం మీద నవ్వు రాకుంట. కొందరు నమ్మిండ్రు. నమ్మనోళ్లకు స్టీలు గ్లాసు మీద ఊరికే పేరు చెక్కి పంపించిన.

పాటగాడు మాట ప్రకారం బోనాల దాకా పాడిండు. బోనాలప్పుడు తండ్రి ముందు కూసోని ఇంకో ఏడు అడిగిండు. అడుగుడు నేర్చుకున్నడు గద, అప్పటి నుంచి నన్ను పిలువలే.

ఒకనాడు మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేక ఆ క్యాసెట్టు పెట్టిన. ఆఖరి పాట వచ్చింది, గిటారు తగ్గింది, వాని ఊపిరి వినబడ్డది, ఆగింది. తర్వాత టేపు ఊరికే తిరుగుతున్నది. నేను ఆపలే. గల్ల దగ్గర కూసున్న మా నాన్న కొంచెంసేపు చూసిండు.

"మిషను చెడిందా?"

"లేదు నాన్నా, నడుస్తున్నది."

"మరి బందు చెయ్యి. ఏం వస్తలేదు గద."

"టేపుకు పైసలిచ్చినం" అన్న. "ఆఖరు దాకా పోనీ."

నాన్నకు అందులో తప్పేం కనబడలే. ఇద్దరం ఊకె కూసున్నం.